ఆటలో అరటిపండు

పెద్దపిల్లలు ఆడుకొంటున్నచోటికి ఒక చిన్నవాడు వచ్చి నిలబడతాడు. తానూ ఆడతానంటాడు. వద్దంటే ఏడుస్తాడు, లోపలినుంచి తల్లి కేక వేస్తుంది. సరేనని చేర్చుకొంటే ఆట చెడుతుంది. ఈ ధర్మసంకటానికి మన తెలుగు పిల్లలు ఏనాడో ఒక ఉపాయం కనిపెట్టారు. వాడిని చేర్చుకొంటారు, కాని వాడు దొరికినా దొంగ కాడు, వాడు ఎవరిని ముట్టుకొన్నా లెక్కలేదు. అందరితోపాటు పరుగెత్తవచ్చు, అరవవచ్చు, నవ్వవచ్చు. అంతవరకే. వాడికి పెట్టిన పేరు ‘ఆటలో అరటిపండు’.

ఈ మాటలో దయ ఉన్నది. ఎవరినీ గడప అవతల నిలబెట్టకూడదన్న మంచి బుద్ధి ఉన్నది. కాని ఆ దయకు ఒక గడువు కూడా ఉన్నది. ఏదో ఒకనాటి సాయంత్రం ఆ చిన్నవాడికి తన పరుగు లెక్కలోకి రావడం లేదని తెలిసిపోతుంది. ఆ క్షణంలో వాడి ముఖం చూచినవారికి నేను చెప్పబోయే విషయం సగం అర్థమైనట్లే. అరటిపండుగా ఉండడం చిన్నపిల్లలకు మాత్రమే సంభవించేది కాదు. ముసలితనంలో అది మళ్లీ వస్తుంది. అప్పుడు దానిని తెలుసుకొనడానికి ఒక సాయంత్రమైనా పట్టదు.

నేను కాపురముంటున్నది సుచిత్రలో. సికిందరాబాదు నుంచి మేడ్చల్ వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, కొంపల్లికి ఇవతల, జీడిమెట్ల పారిశ్రామికవాడకు దాపున ఉన్న పేట ఇది. మా భవనంలో శ్రీకాకుళంవారున్నారు, కరీంనగరంవారున్నారు, అనంతపురంవారున్నారు. ఉద్యోగాలకు పోయినవారు చీకటి పడితేగాని తిరిగి రారు. పగలు ఇళ్లలో మిగిలేది వృద్ధులు. సాయంకాలం వారికి తోడు బడినుంచి వచ్చిన పిల్లలు. తెనాలి దగ్గర పల్లెలో అరుగుమీద కూర్చుండి పదిమందితో మాట్లాడుతూ బ్రతికిన మా అమ్మ, నాన్నగారు పోయిన తరువాత ఇక్కడ మా నాలుగో అంతస్తుకు వచ్చింది. ఆమెకు 76 ఏళ్లు. చూపు మందగించింది, కుడిచేయి కొద్దిగా వణుకుతుంది. ఆలోచన మాత్రం చెక్కు చెదరలేదు.

కిందటి వేసవి సెలవుల్లో మా పిల్లలు ఒక కొత్త ఆట తెచ్చారు. పేరు ‘పాండెమిక్’. మాట్ లీకాక్ అనే అమెరికను కల్పించగా 2008లో వెలువడిన ఆట. అందులో ఒకరిమీద ఒకరు గెలవడం లేదు. ప్రపంచపటం మీద నాలుగు వ్యాధులు వ్యాపిస్తూ ఉంటాయి. ఆడేవారందరూ ఒక జట్టై వాటికి మందులు కనిపెట్టాలి. గెలిస్తే అందరూ గెలుస్తారు, ఓడితే అందరూ ఓడుతారు. ఇటువంటి ఆటలను సహకార క్రీడలు అనవచ్చు. ఇంత మంచి నియమమున్న ఆటలో ఎవరికీ నొప్పి కలగదని నేను అనుకొన్నాను.

పదహారేళ్ల మా పెద్దవాడు చురుకైనవాడు. రెండు పూటల్లో ఆట మర్మమంతా పట్టుకొన్నాడు. నానమ్మ వంతు వచ్చినప్పుడల్లా, “నానమ్మా, నువ్విక్కడికి వెళ్లాలి, ఈ కార్డు దాచుకోవాలి,” అంటూ ఆమె కాయను తానే జరిపాడు. ఆమె వణికే చేతికి శ్రమ లేకుండా చేస్తున్నానన్నదే వాడి ఉద్దేశం. ఆట గెలిచారు. పిల్లలు చప్పట్లు కొట్టి, “నానమ్మా, గెలిచాం!” అన్నారు. అమ్మ చిరునవ్వు నవ్వి, “మీరు గెలిచారు నాయనా. నేను ఆటలో అరటిపండుని,” అన్నది. మరునాడు పిలిస్తే నడుము నొప్పిగా ఉన్నదని చెప్పి పడుకొన్నది. ఆ నొప్పి నడుముది కాదని నాకు తెలుసు.

అప్పటినుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. ఎనిమిదేళ్ల పిల్ల, పదహారేళ్ల కుర్రవాడు, నడివయసు తండ్రి, డెబ్బయ్యారేళ్ల నానమ్మ ఒకే పీట చుట్టూ కూర్చున్నప్పుడు, ఆట ఎవరికి తగినంత కష్టంగా ఉండాలి?

ఆటలు కూర్చేవారికి కష్టం పెంచడం, తగ్గించడం కొత్త కాదు. పాండెమిక్‌లో వ్యాధి విజృంభించే కార్డులు కొన్ని ఉంటాయి. వాటిని పేకలో నాలుగు కలిపితే కొత్తవారికి, ఐదు కలిపితే అలవాటైనవారికి, ఆరు కలిపితే ఆరితేరినవారికి. అదే రచయిత 2010లో వెలువరించిన ‘ఫర్బిడెన్ ఐలండ్’లో ఒక దీవి మునిగిపోతూ ఉంటుంది, నీటిమట్టం మొదట ఎంత ఎత్తున ఉండాలో ఆడేవారే నిర్ణయించుకొంటారు. హంగేరియను సంతతికి చెందిన మనస్తత్త్వవేత్త చిక్‌సెంట్‌మిహాయి 1975లో ప్రకటించిన గ్రంథంలో దీనికి ఆధారమైన సూత్రాన్ని వివరించాడు. పని మన శక్తికి మించితే ఆందోళన, శక్తికంటె తక్కువైతే విసుగు. రెండూ సరితూగినచోట మనిషి తన్ను తాను మరచి లీనమవుతాడు.

ఐతే ఒక చిక్కున్నది. నాలుగు కార్డులైనా ఆరు కార్డులైనా ఆ కష్టం జట్టు మొత్తానికి. నానమ్మకోసం నాలుగుకు దించితే మనుమడికి విసుగు. మనుమడికోసం ఆరుకు పెంచితే ఓటమి భయంకొద్దీ వాడే అందరి కాయలూ జరుపుతాడు. పోటీ ఆటలో బలవంతుడు బలహీనుణ్ణి ఓడిస్తాడు. సహకార క్రీడలో బలవంతుడు బలహీనుడి వంతు తానే ఆడేస్తాడు. ఓడినవాడికి తాను ఆడానన్న తృప్తి అయినా మిగులుతుంది. వంతు పోయినవాడికి అదీ మిగలదు. కనుక జట్టుకు సరిపోయే కష్టం ఒకటి, మనిషికి సరిపోయే కష్టం మరొకటి అని గ్రహించాలి.

ఈ రెండవదాన్ని మన పాత ఆటలలో వెదికాను. వైకుంఠపాళిలో మనుమరాలికీ తాతకూ తేడా లేదు. నిచ్చెన ఎక్కించేదీ, పాము నోట పడవేసేదీ పందెమే. అది సమానత్వమే గాని, అందులో ఎవరి ఆలోచనకూ పని లేదు. అష్టాచెమ్మా మరొక మెట్టు పైన ఉన్నది. నాలుగు గవ్వలూ వెల్లకిల పడితే చెమ్మ, నాలుగూ బోర్లపడితే అష్ట, అంతవరకు అదృష్టం. ఏ కాయను నడపాలి, ఎవరిని కొట్టాలి, ఏ కాయను ముందు పండించుకోవాలి అన్నది తెలివి. ఎదిరి కాయ నొకదాన్ని కొట్టనిదే లోపలి గళ్లలోకి పోరాదన్న నియమాన్ని మా ఊళ్లో చిన్నపిల్లలకు సడలించేవారు. వారి గవ్వలు వారే వేసేవారు, వారి కాయ వారే నడిపేవారు. అడ్డు మాత్రం ఒకటి తక్కువ. పచ్చీసులో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జంట. తన కాయలు పండినంతమాత్రాన గెలుపు లేదు, జంటవాడివీ పండాలి.

అన్నిటికంటె నన్ను ఆకర్షించినది పులిజూదం. మూడు పులులు, పదిహేను మేకలు. ఒంటరి మేకను పులి దూకి చంపుతుంది. వెనుక మరొక మేక నిలిచి ఉంటే దూకడానికి చోటుండదు. మేకలన్నీ కూడబలుక్కొని పులులను కదలకుండా కట్టివేస్తే గెలుపు. మా తాతగారు పులులను తీసుకొని, పిల్లలందరికీ కలిపి మేకలను ఇచ్చేవారు. మరీ చిన్నవాళ్లు చేరిననాడు, “ఇవాళ మీకు పదిహేడు మేకలు,” అని మొదటనే ప్రకటించేవారు. మేము ఆరితేరినకొద్దీ ఒక్కొక్క మేకే వెనక్కి పోయేది. పదిహేనుకు వచ్చిన రోజున మాకు పట్టాభిషేకమైనట్లుండేది. ఆయన కావాలని ఓడిపోవడం నేనెరుగను. చైనా, జపాను దేశాలలో ప్రసిద్ధమైన ‘గో’ ఆటలోను ఇదే పద్ధతి. బలహీనుడికి రెండు మొదలు తొమ్మిది వరకు రాళ్లు ముందే పటంమీద పెట్టుకొనే హక్కిస్తారు. అందరికీ తెలిసేటట్లు ఇచ్చిన ఆధిక్యం కనుక అందులో అవమానం లేదు.

నా వృత్తిలోనూ దీనికి పోలిక కనిపించింది. బాలల కార్యక్రమానికి ఐదేళ్ల పిల్ల స్టూడియోలోకి వస్తుంది. మైకు ఆమె నోటికి అందదు. మేము మైకును కిందికి దించుతాము, లేదా ఆమెను పీటమీద నిలబెడతాము. అంతేగాని ఆమె పద్యాన్ని మేము చదివివేయము. ఆమె తడబడితే ఆగుతాము. శ్రోతలు వినదలచినది ఆమె గొంతు. ఆటలోనూ చేయవలసినది ఇంతే: అడ్డంకిని తగ్గించాలి, నిర్ణయాన్ని మాత్రం లాగుకోరాదు.

ఈ బుద్ధి కలిగిన తరువాత ఇంట్లో మళ్లీ ఆట పరిచాము. అమ్మ ఒప్పుకొనడానికి రెండు రోజులు పట్టింది. ముందుగా, ఆటకు సంబంధించని కష్టాలను తీసివేశాము. నగరాల పేర్లు చిన్న ఇంగ్లీషు అక్షరాలలో ఉన్నాయి. మనుమరాలు కూర్చుండి వాటిని పెద్ద తెలుగు అక్షరాలలో చీటీలమీద రాసి అంటించింది. కార్డులు చేతిలో దాచి పట్టుకొనక్కరలేకుండా అందరమూ ఎదుట పరచుకొన్నాము. ఇంతవరకు తగ్గించినది కంటికీ చేతికీ ఉన్న శ్రమ. మెదడుకున్న పనిలో ఇసుమంతైనా తగ్గించలేదు.

తరువాత పాత్రల పంపకం. ఆ ఆటలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రత్యేకశక్తి ఉంటుంది. మందు తయారుచేయడానికి ఇతరులకు ఒకే రంగు కార్డులు ఐదు కావాలి; శాస్త్రజ్ఞుడికి నాలుగు చాలు. ఆ పాత్ర అమ్మకిచ్చాము. ఇది తాతగారి పదిహేడు మేకలవంటిది.

మూడవది, అన్నిటికంటె కష్టమైనది, బలవంతుడికి పెట్టిన కట్టుబాటు. ఎవరి కాయను వారు చెప్పనిదే మరొకరు ముట్టరాదు. అడగనిదే సలహా చెప్పరాదు. ఫ్రెంచి రచయిత ఆంత్వాన్ బౌజా కల్పించిన ‘హనాబి’ అనే ఆటలో ఈ కట్టుబాటు నియమంలోనే ఇమిడి ఉన్నది. 2010లో వెలువడి, 2013లో జర్మనీలో ఆ ఏటి మేటి ఆటగా బహుమతి పొందినది అది. అందులో ఎవరి కార్డులు వారికి కనిపించవు, ఎదుటివారికే కనిపిస్తాయి. సూచనలు కూడా లెక్కపెట్టి ఇవ్వాలి. కనుక ఎంత మేధావి అయినా ఇతరులను నమ్మక తప్పదు. మా ఇంట్లో ఆ నియమం లేదు గనుక మావాడు నోరు కట్టుకోవలసి వచ్చింది. వాడికి తగిన కష్టం అదే అయింది. తనకు తెలిసినది చెప్పకుండా కూర్చోవడం ఆరు కార్డుల ఆటకంటె గడ్డు పని.

మరీ చిన్నపిల్లలున్న ఇంట్లోను ఈ పద్ధతి నడుస్తుంది. 1986లో జర్మనీలో హాబా సంస్థ తెచ్చిన పండ్లతోట ఆటలో నాలుగు చెట్లకు పదేసి పండ్లుంటాయి. కాకిబొమ్మ తొమ్మిది ముక్కలూ పూర్తికాకముందే పిల్లలందరూ కలిసి పండ్లన్నీ కోయాలి. పాచికమీద బుట్ట పడితే ఇష్టమైనవి రెండు కోసుకోవచ్చు. చిన్నదానికి రెండు, పెద్దవాడికి ఒకటే అని ఇంట్లో ఏర్పాటు చేసుకొన్నారనుకోండి. ఒకే తోటలో ఇద్దరికీ తగిన కష్టం దొరుకుతుంది. ఎక్కువ పండ్లు మిగిలిన చెట్టునుంచి కోయడం మంచిదన్న కిటుకు చిన్నది తానే కనిపెట్టేదాకా పెద్దవాడు ఓపిక పట్టాలి.

ఇక మా ఇంటి రెండవ ఆట ఎట్లా ముగిసిందో మనవి చేస్తాను. ఆట చివరికి వచ్చింది. మూడు వ్యాధులకు మందులు దొరికాయి. నాలుగవదానికి కావలసిన నాలుగు కార్డులూ అమ్మ ముందే ఉన్నాయి. ఆమె పరిశోధనకేంద్రానికి చేరితే గెలుపు. కాని చెన్నైలో వ్యాధి పెచ్చుమీరి ఉన్నది. అమ్మ పటాన్ని చాలాసేపు చూచింది. మావాడి పెదవులు కదిలాయి గాని మాట పైకి రాలేదు.

“మద్రాసు పోనియ్యి నాయనా. అక్కడ చెల్లెలున్నది,” అన్నది అమ్మ.

మా పిన్ని నిజంగానే మద్రాసులో ఉంటుంది. అమ్మ కాయ చెన్నైకి పోయింది, వ్యాధి కొంత తగ్గింది. కాని ఆమె వంతు మళ్లీ రాకముందే పేకలో కార్డులు అయిపోయాయి. ఆట ఓడిపోయాము. పిల్లలు ఉసూరుమన్నారు. నేను అమ్మ ముఖం వంక చూచాను.

“నావల్లే గదూ పోయింది?” అన్నది.

మావాడు ఒక్క క్షణం తటపటాయించాడు. మర్యాదకు కాదనవచ్చు. కాని వాడు, “అవును నానమ్మా, నీవల్లే. ముందు మందు చేసి, తరువాత మద్రాసు వెళ్లవలసింది,” అన్నాడు.

అమ్మ తల ఊపి, కళ్లజోడు తుడుచుకొని, “ఐతే రేపు ముందు మందు చేస్తాను. కార్డులు కలిపి ఉంచండి,” అన్నది.