ఆల్కో వెంట కెమెరా



బోయిన్‌పల్లి అంటే కూరగాయల మార్కెట్టూ, మేడ్చల్ వైపు పోయే రోడ్డూ గుర్తొస్తాయి. రైలు అంత త్వరగా గుర్తు రాదు. కానీ పాత బోయిన్‌పల్లిని ఆనుకుని, ఫిరోజ్‌గూడ మీదుగా మౌలాలి నుంచి సనత్‌నగర్‌కు ఒక లైను వెళుతుంది. సికింద్రాబాద్ స్టేషన్ రద్దీలో చిక్కుకోకుండా గూడ్సు బండ్లను పక్కనుంచి దాటించడానికి ఏళ్ల తరబడి వాడిన దారి అది. 2024 మార్చి 5న ఆ మార్గంలో రెండో లైనునూ, కరెంటు తీగలనూ, కొత్త స్టేషన్లనూ ప్రారంభించారు. ఇప్పుడు అక్కడ ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కవచ్చు. అంతకుముందు అక్కడ వినిపించింది డీజిల్ ఇంజన్ల చప్పుడే. ఆ ఇంజన్ల గురించి, కెమెరా భుజాన వేసుకుని వాటికోసం గంటల తరబడి ఎదురుచూసే రైలు అభిమానుల గురించి ఈ పూట మాట్లాడుకుందాం.

ఆ అభిమానులు ప్రేమగా ‘ఆల్కో’ అని పిలుచుకునే ఇంజను పుట్టిల్లు అమెరికా. న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ దాన్ని రూపొందించింది. 1962లో మొదటి ఇంజన్లు ఓడలెక్కి వచ్చాయి. 1964 జనవరిలో వారణాసి కర్మాగారం నుంచి మనవాళ్ల చేతిమీదుగా తయారైన తొలి ఇంజను బయటికొచ్చింది. దానికి ‘కుందన్’ అని పేరు పెట్టారు. డబ్ల్యూడీఎం-2 అన్న ఈ రకంలో పదహారు సిలిండర్లు, 2,600 అశ్వశక్తి, సుమారు 113 టన్నుల బరువు, గంటకు 120 కిలోమీటర్ల వేగం. 1969లో అమెరికాలోని అసలు కంపెనీ రైలింజన్ల తయారీయే మానేసింది. వారణాసి మాత్రం మానలేదు. అదే నమూనాకు మెరుగులు దిద్దుతూ ఇంకా కొన్ని దశాబ్దాలు ఇంజన్లు తయారుచేసింది. పుట్టింటివాళ్లు వదిలేసిన విద్యను మనవాళ్లు అంతకాలం నిలబెట్టారంటే నాకు గర్వంగానే ఉంటుంది.

కాజీపేట, గుత్తి, విజయవాడ, గుంతకల్లు, మౌలాలి... తెలుగు నేల మీద ఈ ఇంజన్ల ఆలనాపాలనా చూసే కొన్ని డీజిల్ షెడ్ల పేర్లు ఇవి. ఇంజను మీద ఐదంకెల నంబరు, దాంతోపాటు షెడ్ పేరు ఉంటాయి. అభిమాని చూపు ముందు పడేది అక్కడే.

ఇక ఆ చప్పుడు సంగతి. ఆగి ఉన్న ఆల్కోను చెవులతోనే పోల్చుకోవచ్చు. ఇద్దరు ఆడవాళ్లు ఒకే రోట్లో వంతులవారీగా దంచుతున్నట్టు, ఒక పోటు గట్టిగా, ఒక పోటు మెత్తగా, మధ్యమధ్య చిన్న తడబాటుతో ఉంటుంది ఆ లయ. తర్వాత వచ్చిన, ఈఎండీ అనే మరో అమెరికా సంస్థ నమూనా ఇంజన్లవి రెండు స్ట్రోకుల యంత్రాలు. వాటిది ఎడతెగని ఒకటే రొద. ఆల్కో నాలుగు స్ట్రోకులది. సిగ్నల్ పడ్డాక లోకో పైలట్ ఒక్కో నాచ్, అంటే ఇంజను శక్తిని ఒక్కో మెట్టు, పెంచుతాడు. మొత్తం ఎనిమిది నాచ్‌లు. నాచ్ పెరగ్గానే సిలిండర్లలోకి డీజిల్ ఎక్కువ పడుతుంది. దాన్ని పూర్తిగా మండించడానికి గాలి కావాలి. ఆ గాలిని తోసే టర్బో వేగం అందుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆలోగా సరిగా మండని ఇంధనం నల్లటి పొగై పైకి లేస్తుంది. ఫొటో తీసేవాడు కాచుకుని కూర్చునేది ఆ క్షణం కోసమే. అందుకే అనుభవం ఉన్నవాళ్లు బండి వేగంగా దూసుకుపోయే చోట నిలబడరు. అవుటర్ సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ కదిలే చోటో, ఎత్తు ఎక్కే చోటో చూసుకుంటారు.

వెలుగు సంగతీ అంతే. సూర్యుడు వీపు వెనకాల ఉండాలి, ఇంజను ముఖమూ ఒక పక్కా రెండూ వెలుగులో కనిపించాలి. పొద్దున ఎనిమిదింటి ఏటవాలు ఎండలో చక్రాలు, బోగీ స్ప్రింగులు, నూనె మరకలు అన్నీ తేటగా పడతాయి. మిట్టమధ్యాహ్నం అవన్నీ నీడలో మునిగిపోతాయి. యంత్రాన్ని కప్పే పొడవాటి హుడ్డు ముందు పెట్టుకుని వచ్చే ఇంజనైతే, లోకో పైలట్ కూర్చునే క్యాబ్ ఎక్కడో వెనక ఉంటుంది. నిజానికి ఆల్కో అందం ఆ పొడుగు ముక్కులోనే ఉందని నా అభిప్రాయం. తీసిన ప్రతి బొమ్మకూ నంబరు, షెడ్, బండి పేరు, చోటు, తేదీ రాసి పెట్టుకోవాలి. అవి లేని బొమ్మ అందంగా ఉంటుందేమో గాని, రేపు చరిత్ర రాసేవాడికి అక్కరకు రాదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పట్టాల మీదికి దిగకండి. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళితే రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అంతకంటే ముఖ్యం, రెండు లైన్లున్న చోట ఒక బండిని చూస్తూ రెండో బండి రావడం గమనించక ప్రాణాలు పోగొట్టుకుంటారు. ప్లాట్‌ఫాం మీదనుంచి, రోడ్డు వంతెన మీదనుంచి మంచి బొమ్మలు వస్తాయి.

కరెంటు వచ్చినందుకు నాకు విచారం లేదు. పొగ తగ్గింది, ఖర్చు తగ్గింది. లైను పక్కన ఇనుప స్తంభాల వరస లేవడం మొదలైన రోజు అభిమానులకు తెలిసిపోతుంది, ఇక తొందరపడాలని. డీజిల్ షెడ్లలోకి కూడా ఇప్పుడు విద్యుత్ ఇంజన్లు చేరాయి. ఆల్కోలు ఒక్కొక్కటే పాత ఇనుముగా వేలానికి పోతున్నాయి. నా బాధ అక్కడే ఉంది. ఆవిరి ఇంజన్ల విషయంలో మనం మేలుకున్నాం. 1855లో తయారైన ‘ఫెయిరీ క్వీన్’ను 1997లో మళ్లీ పట్టాలెక్కించి ఢిల్లీ నుంచి ఆల్వార్‌కు యాత్రికులతో నడిపాం. ముప్పై, నలభై ఏళ్లు మన ఊళ్లను కలిపిన డీజిల్ ఇంజనుకు మాత్రం ఆ గౌరవం ఇంకా దక్కలేదు.

బ్రిటన్‌లో ‘డెల్టిక్’ అనే డీజిల్ రకం ఉండేది, మొత్తం ఇరవై రెండు. 1982 జనవరి 2న లండన్ నుంచి ఎడిన్‌బరోకు వెళ్లి వచ్చిన వీడ్కోలు యాత్రతో వాటి కొలువు ముగిసింది. అభిమానులు చందాలు వేసుకుని కొన్ని కొన్నారు, బాగుచేశారు. ఆరు దక్కాయి. మళ్లీ ప్రధాన మార్గాల మీద విహారయాత్రల బండ్లు లాగినవీ వాటిలో ఉన్నాయి. అమెరికాలో ఇలాంటి యాత్రల్లో ఒక ముచ్చట ఉంది. అనువైన చోట బండి ఆపి అందరినీ దించుతారు. ఖాళీ బండి వెనక్కి వెళ్లి, నాచ్‌లు పెంచుకుంటూ, హారన్ మోగిస్తూ కెమెరాల ముందునుంచి మళ్లీ వస్తుంది. అందరూ తీరిగ్గా ఫొటోలు తీసుకున్నాక ఎక్కించుకుని పోతుంది.

అది మనకూ సాధ్యమే. మౌలాలిలో షెడ్ ఉంది, ఆల్కోను విప్పి బిగించడం తెలిసిన మెకానిక్కులు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్లు పదవీ విరమణ చేయకముందే ఒక ఇంజనును ఎంచి, నడిచే స్థితిలో ఉంచాలి. నాలుగు పాత పెట్టెలు తగిలించి, చలికాలం ఆదివారాల్లో బొల్లారం, మేడ్చల్ మీదుగా మనోహరాబాద్ దాకా నడపాలి. టికెట్ పెట్టండి, కొనేవాళ్లు బోయిన్‌పల్లిలోనే బోలెడుమంది ఉన్నారు.