న్యాయవాది రహస్యము, పరీక్షకుని ధర్మము



గోదావరీ తీరమందలి ఈ కరీంనగర సీమలో నేరపరిశోధన విజ్ఞానము నభ్యసించి పట్టములు గైకొనుచున్న మీ యెదుట నిలిచి, 2021 ఫిబ్రవరి 17వ తేదీని మంథని కోర్టునుండి మరలిపోవుచు కల్వచర్ల చేరువ నడిరోడ్డుపై హతులైన న్యాయవాద దంపతులు గట్టు వామనరావు, నాగమణులను స్మరింపక ముందునకు సాగజాలను. క్షతగాత్రుడై పడియుండి వామనరావు పలికిన మాటలను అచ్చటివారు ఫోనులలో పట్టిరి. ఆ దృశ్యముల యథార్థతను ప్రయోగశాల తేల్చవలసి వచ్చెను. తుదకు 2025లో సుప్రీంకోర్టు ఆ కేసును సి.బి.ఐ.కి అప్పగించెను. ఒక నిండుప్రాణము కడపటి పలుకు సాక్ష్యముగా నిలుచుట మీబోటివారి చేతిలోనున్నదని గ్రహింపుడు.

2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షన్, అట్టి ఎలక్ట్రానిక్ రికార్డుతోపాటు, అది మారలేదని తేల్చు హ్యాష్ విలువను చూపు ధ్రువపత్రమును కోరుచున్నది; అందు రెండవ భాగమున సంతకము చేయవలసినవాడు నిపుణుడే. ఈ సంగతి మీరెరిగినదే. నేను నొక్కి చెప్పదలచినది అదే అధినియమములోని 132వ సెక్షన్‌ను గూర్చి. కక్షిదారుడు తన న్యాయవాదితో చెప్పుకొన్న మాటను, అతని స్పష్టమైన సమ్మతి లేనిదే, వకాలతు ముగిసిన పిదపనైనను ఆ న్యాయవాది వెల్లడింపరాదు. గుమాస్తాకును, ఉద్యోగికిని, దుబాసికిని ఇదే కట్టుబాటు. ఉట్నూరు కొండలనుండి ఆదిలాబాదు కోర్టుకు దిగివచ్చిన గోండు, తన భాషలో వెళ్లబోసికొన్న గోడును తెలుగున వినిపించు దుబాసినిగూడ శాసనము మరువకుండుట నాకెంతయు గౌరవాస్పదముగా తోచును. చట్టవిరుద్ధ కార్యమును సాగించుటకై చెప్పిన మాటకు మాత్రము ఈ రక్షణ లేదు.

మీవంటి డిజిటల్ సాక్ష్య పరీక్షకుని పేరు ఆ సెక్షన్‌లో కానరాదు. అంతమాత్రాన మీకు బాధ్యత లేదనుకొనుట పొరపాటు. న్యాయవాది డిజిటల్ పరికరమును దర్యాప్తు అధికారి కోరినచో, అది న్యాయస్థానము ముందే దాఖలు కావలెననియు, కక్షిదారుని, న్యాయవాదిని విని అభ్యంతరములను త్రోసిపుచ్చిన పిదపనే, వారి సమక్షమున, వారు కోరిన సాంకేతిక నిపుణుని తోడ్పాటుతో తెరువవలెననియు, ఇతర కక్షిదారుల రహస్యములకు భంగము కలుగరాదనియు 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ పరికరమును తెరచు చేయి రేపు మీదే కావచ్చును.

కావున, మీరు వెదకుచున్న ఫైళ్ల నడుమ న్యాయవాదికి వ్రాసిన ఉత్తరమొకటి కంటబడినచో, చదువుట అక్కడనే యాపుడు. దానిని వేరుపరచి, నివేదికలో దాని సారాంశమును వ్రాయక, న్యాయస్థానమునకు తెలుపుడు. ఆజ్ఞ వచ్చువరకు, ఎవ్వరెంత తొందరపెట్టినను, దానిని తెరవకుడు.