విదేశపు మోటారు సైకిలు - స్వదేశపు సంఖ్య



మన కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములవారి బ్రదుకుతెరువును గూర్చి "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని జనులు చెప్పుకొను మాట మీరెల్లరును వినియే యుందురు. సింగరేణి గనులు కొందరికి, బొంబాయి మిల్లులు కొందరికి, గల్ఫు దేశములు మరికొందరికి అన్నము పెట్టినవి. ఆ మూడవ తావునకు పోయిన మన పిల్లలు తిరిగి వచ్చునపుడు తెచ్చు వస్తువులు పూర్వము గడియారము, రేడియో, దుప్పటి. ఇప్పుడు కొందరి మనస్సు మోటారు సైకిలుమీదికి పోవుచున్నది. అక్కడ ముచ్చటపడి కొన్న బండిని ఓడ కెక్కించి ఊరికి తేవలెనని వారి కోరిక. అట్టి బండి మన దేశమున కెట్లు వచ్చును, వచ్చినదానికి మన జిల్లా సంఖ్య యెట్లు లభించును అనుటయే నేటి నా ప్రసంగవిషయము.

ఇది పడుచువారి వినోదము, మాకేల యని పెద్దలు తలపవలదు. పిల్లవాడు అక్కడ ఎండలో సంపాదించిన రూక యిది. దళారికి ముందుగా ఈయవలసిన సొమ్ము కొరకు ఇంటియొద్ద తండ్రి అప్పు తీసికొనును. అప్పుపత్రముమీద సాక్షి సంతకము చేయువారు మీరే. కావున ఈ విషయము మొదట తెలిసికొనవలసినవారును మీరే.

మొదట కొంత పూర్వవృత్తాంతము. మా తాతల కాలమున మోటారు సైకిలన్నచో విదేశపుదే. ఇంగ్లండునందు చేయబడిన రాయల్ ఎన్‌ఫీల్డ్, బి. ఎస్. ఏ., ట్రయంఫ్ బండ్లు ఓడలమీద బొంబాయికి వచ్చెడివి. నిజాము రాజ్యమునకు కరోడ్గిరీ యను సొంత సుంకపు శాఖ యుండెను గనుక, సముద్రపు రేవున ఒకమారు, రాజ్యపు సరిహద్దున మరియొకమారు సుంకపు కచేరీవారికి లెక్క చెప్పవలసి వచ్చెడిది. 1948 సెప్టెంబరు తరువాత ఆ రాజ్యము పోయినది. పిమ్మట ఆ సరిహద్దు సుంకమును పోయినది. 1955లో మద్రాసునందు ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ యేర్పడి, మొదట విదేశమునుండి వచ్చిన భాగములను కూర్చుచు, క్రమముగా బండి యంతయు ఇక్కడనే చేయసాగెను. కొంతకాలమునకు ఇంగ్లండునందలి మూలకర్మాగారము మూతపడినది, మద్రాసుది నిలిచినది. నేడు ఆ బండ్లు మన దేశమునుండియే ఇంగ్లండునకు పోవుచున్నవి. ఇంట చేయబడు వస్తువును బయటినుండి తెచ్చుకొనువానిని ప్రభుత్వము కఠినముగా పరీక్షించుటకు గల కారణములలో ఇట్టి స్వదేశ పరిశ్రమలను కాపాడుకొనుట యొకటి.

ఇక ధర్మసూక్ష్మమునకు వత్తము. మన పిల్లలలో ననేకులు "నా సామానుతోపాటు బండియు తెచ్చుకొందును, సామానునకు మినహాయింపు కలదు గదా" యని భ్రమపడుదురు. 1962నాటి కస్టమ్స్ చట్టము తన రెండవ విభాగముననే ప్రయాణీకుని సామాను అనగా నేమో నిర్వచించి, మోటారు వాహనములు అందులో చేరవని స్పష్టముగా చెప్పినది. వ్యాకరణమున "వృద్ధి" యన్నచో ధనము పెరుగుట కాదు. ఆ, ఐ, ఔ అను అక్షరములకు శాస్త్రకారుడు పెట్టిన పేరది. అట్లే చట్టమునందు "సామాను" అనుమాటకు లోకమునందలి అర్థము చెల్లదు. చట్టము చెప్పిన అర్థమే చెల్లును. పెట్టెలో పట్టిన కుట్టుమిషను సామాను కావచ్చును. మోటారు సైకిలు మాత్రము భాగములుగా విప్పి పెట్టెలో పెట్టినను సామాను కాదు. స్నేహితుడు ఉచితముగా నిచ్చినదైనను దానికి సుంకము తప్పదు.

పాత బండి విషయమున ప్రభుత్వము విధించిన నియమములు ముఖ్యముగా ఐదు. మొదటిది, బండి చేయబడిన తేదినుండి మూడు సంవత్సరములు దాటియుండరాదు. రెండవది, బొంబాయి రేవుననే దిగవలెను; మద్రాసున దింపుదుననిన కుదరదు. మూడవది, వేగమును చూపు ముల్లు కిలోమీటర్లలో చూపవలెను. నాలుగవది, ముందరి దీపపు కాంతి ఎడమవైపున నడచు దేశమునకు తగినట్లు పడవలెను. గల్ఫు దేశములలో బండ్లు కుడివైపున నడచును. కారునకు చక్రము కుడిప్రక్కన నుండవలెనను నియమము ద్విచక్రములకు లేదు గాని, దీపపు నియమము మాత్రము వీనికిని కలదు. అక్కడి దీపము ఇక్కడ ఎదురుగా వచ్చువాని కన్నులలో పడును గనుక ఇది ఆవశ్యకము. ఐదవది, దిగుమతియైన తేదినుండి కనీసము ఐదు సంవత్సరములు బాటకు పనికివచ్చు స్థితిలో నుండవలెను; మరమ్మతునకు వసతియు ఇక్కడ ఉండవలెను. వీనిని నోటిమాటతో నమ్మరు. పూనాయందలి ఏ. ఆర్. ఏ. ఐ. వంటి పరీక్షాసంస్థ బండిని పరిశీలించి యోగ్యతాపత్ర మీయవలెను. ఆ పరీక్షకు రుసుమును, బండిని అక్కడికి చేర్చు వ్యయమును యజమానిదే.

విదేశమున రెండేండ్లు ఎడతెగక నివసించి, స్థిరముగా స్వదేశమునకు వచ్చువాడు ఒక యేడాదియైనను తనయొద్ద నున్న వాహనమును లైసెన్సు లేకయే తెచ్చుకొనవచ్చునను సౌకర్యమొకటి కలదు. అది లైసెన్సునకు మాత్రమే గాని సుంకమునకు కాదు. ఆ తేడా తెలియక మోసపోవువారు పెక్కురు.

ఇచ్చట ఒక యుదాహరణము చెప్పెదను. కోరుట్ల ప్రాంతమునందలి నా పూర్వశిష్యు డొకడు మస్కట్టునందు పనిచేయుచు, జపాను దేశపు మోటారు సైకి లొకటి కొని రెండేండ్లు నడపెను. తాను అక్కడనే యుండి, బండిని ఊరియందలి తమ్మునికి పంపవలెనని సంకల్పించెను. ఇక్కడి దళారి యొకడు "అన్నియు నేను చూచుకొందును, ముందు సగము సొమ్ము కట్టుడు" అనెను. తండ్రి నాయొద్దకు కాగితములు పట్టుకొని వచ్చి, "పంతులుగారూ, వీనిలో నేమున్నదో చదివి చెప్పుడు" అని కోరెను. నేను కళ్లద్దములు పెట్టుకొని చూడగా, కొన్న తేదికి రెండేండ్లే యైనను, చేసిన తేదికి మూడేండ్లు దాటి నాలుగు మాసములు గడచియుండెను. బండి అంగడిలో నమ్ముడుపోక చాలకాలము నిలిచియుండెనన్నమాట. చట్టము లెక్కించునది కొన్న తేది కాదు, చేసిన తేది. ఆ సంగతి దళారి చెప్పలేదు. తండ్రి సొమ్ము కట్టలేదు. కొడుకు ఆ బండిని మస్కట్టుననే అమ్మి సొమ్ము పంపెను. ఆ సొమ్ముతో తమ్మునికి ఇక్కడి బండి యొకటి వచ్చినది. మిగిలినదానితో ఎండిపోయిన బోరుబావిని లోతు చేయించిరి.

నియమములన్నియు సరిపోయినను లెక్క వేసికొనవలెను. సుంకము వేయుటకు ఆధారము మీరు చెల్లించిన వెల కాదు. ఆ బండి కొత్తగా నున్నప్పటి వెలను బట్టి, దానినుండి సంవత్సరముల తరుగు తీసి, ఓడకిరాయిని, బీమాను కలిపి అధికారులు విలువ కట్టుదురు. ఆ విలువ 1,00,000 రూపాయలనుకొందము. పాత బండిపై సుంకము, లెక్కకు వీలుగా, నూటికి నూరనుకొందము. మొత్తము 2,00,000 అయినది. ఇప్పుడు వస్తుసేవల పన్ను ఆ మొదటి లక్షపై కాదు, సుంకము కలిసిన రెండు లక్షలపై పడును. 2025 సెప్టెంబరు 22 నుండి అమలునకు వచ్చిన రేట్ల ప్రకారము, యంత్రము 350 సి. సి. లోపుదైనచో నూటికి 18, అనగా 36,000. అంతకు మించినదైనచో నూటికి 40, అనగా 80,000. లక్ష రూపాయల బండి రేవు గడప దాటునప్పటికి 2,36,000 గాని 2,80,000 గాని యగుచున్నది. పరీక్ష, ఏజెంటు కూలి, రేవుబాడుగ, లారీకిరాయి, మన రాష్ట్రపు జీవితకాలపు పన్ను వేరు. రేట్లు బడ్జెట్టు బడ్జెట్టునకు మారును గాని, పన్నుమీద పన్ను పడు పద్ధతి మారదు. కావున లెక్క వేయు నాటి రేటును సుంకపు కచేరీ ప్రకటనలో చూచి వేయవలెను.

బండి రేవున దిగిన పిదప ఆలస్యమునకు తావు లేదు. దిగిన 30 దినములలో బిల్ ఆఫ్ ఎంట్రీ యను కాగితము దాఖలు చేసి, సుంకము కట్టి విడిపించుకొననిచో, నోటీసు ఇచ్చి, అధికారి యనుమతితో దానిని అమ్మివేయుటకు చట్టము వీలు కల్పించుచున్నది. అంతవరకు రేవుబాడుగ దినదినము పెరుగుచునే యుండును. అక్కడ కొన్న రసీదు, అక్కడి రిజిస్ట్రేషను రద్దు పత్రము, ఓడవారి బిల్ ఆఫ్ లేడింగ్, పాస్‌పోర్టు నకలు చేతనుండక ముందే బండిని ఓడ కెక్కించుట, లగ్నము నిశ్చయము కాకముందే పందిరి వేయుట వంటిది.

సుంకము చెల్లినది గదా యని బొంబాయినుండి బండి నెక్కి రారాదు. 1988నాటి మోటారు వాహనముల చట్టము 39వ విభాగము ప్రకారము రిజిస్టరు కాని వాహనమును బహిరంగస్థలమున నడపరాదు. తాత్కాలిక సంఖ్య తీసికొనవలెను. లేనిచో లారీమీద తేవలెను. లారీయే మేలు. పిమ్మట యజమాని నివాసమున్న జిల్లా రవాణా కచేరీలో, కరీంనగరము వారైనచో తిమ్మాపురమునందు, 20వ నమూనాలో దరఖాస్తు పెట్టవలెను. దానితో సుంకపు కచేరీ విడుదలపత్రము, అమ్మకపు పత్రము, యోగ్యతాపత్రము, బీమా, నివాసపు రుజువు జతచేయవలెను. అధికారి బండిని స్వయముగా చూచి, చాసిస్ సంఖ్యను, ఇంజను సంఖ్యను కాగితములతో పోల్చును. ఒక్క అక్షరము తేడా వచ్చినను దరఖాస్తు ఆగిపోవును. కావున ఓడ కెక్కించుటకు పూర్వమే ఆ రెండు సంఖ్యలను పెన్సిలు అచ్చు తీసి, రసీదులోని అంకెలతో అక్షరమక్షరము సరిచూచుకొనవలెను. అన్నియు సరియైనచో 15 సంవత్సరములకు చెల్లు పత్రము వచ్చును. సంఖ్య 2014కు పూర్వము మనకు ఏపీ 15. తరువాత టీఎస్ 02. 2024 మార్చి నుండి కొత్త బండ్లకు టీజీ 02.

ఇక అన్నింటికంటె ముఖ్యమైన మాట. "విదేశపు బండి, సగము వెలకే యిత్తుము, కాగితములు తరువాత వచ్చును" అని ఊరూర తిరుగువా రుందురు. సుంకము కట్టక తెచ్చిన వాహనమును ప్రభుత్వము జప్తు చేయవచ్చును. అప్పుడు కొన్నవాని సొమ్మును, బండియు రెండును పోవును. అంతకంటె ఘోరమైనది, రిజిస్టరు కాని బండి ఎవరినైన గ్రుద్దినచో బీమా సంస్థ పరిహారము నిరాకరించుటకు అది కారణ మగును. అపుడు ఆ భారము ఇంటిల్లిపాది పొలముమీద పడును. స్టాంపు కాగితముమీద వ్రాసికొన్న ఒప్పందము సుంకపు రసీదునకు బదులు కాజాలదు. అట్టి ఒప్పందముపై మీ సంతకము పడరాదని నా ప్రార్థన. మీ సంతకమును చూచియే పదిమంది దానిని నిజమని నమ్ముదురు.

పిల్లవాడు విదేశమునుండి ఫోను చేసి బండి సంగతి చెప్పినపుడు మీరు నాలుగు ప్రశ్నలు వేయుడు: బండి చేసిన తేది యేది? చాసిస్ సంఖ్య రసీదుతో సరిపోయినదా? సుంకము, పన్ను కలిపి మొత్త మెంత? ఆ బండి భాగములు జగిత్యాలలోనో మంచిర్యాలలోనో దొరకునా? ఈ నాలుగింటికి వ్రాతమూలకమైన సమాధానము వచ్చినచో తెచ్చుకొననిండు. అది వాని కష్టార్జితము, వాని ముచ్చట. రానిచో బండి నక్కడనే అమ్మి సొమ్ము తెచ్చుకొనుమనుడు. సొమ్మునకు దీపపు పరీక్ష లేదు, రేవుబాడుగ లేదు. సక్రమముగా బ్యాంకు ద్వారా పంపినచో మూడవనాటికి ఇల్లు చేరును.