గుర్రం ఆరుబయటే ఉండాలి, కానీ ఎలా?
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 అనగానే మనం థింసా గురించి, భాష గురించి, భూమి గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాలి కూడా. ఈసారి మాకు ఇచ్చిన సమయంలో గుర్రం గురించి మాట్లాడతామని అడిగాం. కొందరు నవ్వారు. పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి, పెదబయలు, ముంచింగిపుట్టు వైపు కొండమీద ఊళ్ళలో పుట్టినవాళ్ళు మాత్రం నవ్వలేదు. సంతకు చోళ్ళు, పసుపు, మిరియాలు, కాఫీ గింజలు దింపింది గుర్రమే. తిరుగు దారిలో ఉప్పు, బియ్యం, కిరోసిన్ ఎక్కించుకొచ్చింది గుర్రమే. రోడ్డు లేని ఊళ్ళకు ఇప్పటికీ అదే దిక్కు. కొండమీది పిల్లలు గుర్రాలెక్కి బడికి పోతున్న ఫొటోలు ఆ మధ్య పత్రికల్లో వచ్చాయి. చూసినవాళ్ళు కొందరు అయ్యో అన్నారు, కొందరు భలే అన్నారు. ఆ గుర్రం రాత్రి ఎక్కడ పడుకుందని ఎవరూ అడగలేదు. మేం ఇవాళ మాట్లాడేది దాని గురించే.

మన గుర్రాలు ఏడాది పొడవునా బయటే ఉంటాయి. ఆవుకు శాల, మేకకు దొడ్డి, కోడికి గంప ఉన్నాయి. గుర్రానికి మాత్రం ఆకాశమే కప్పు. దీన్ని చూసిన బయటివాళ్ళు 'పాపం, పట్టించుకోరు' అంటారు. మనవాళ్ళేమో 'కొండ గుర్రం కదా, దానికేం కాదు' అంటారు. ఈ రెండు మాటలూ సగం సగమే నిజం.

గుర్రం బయట ఉండటానికే పుట్టిన జంతువు. పెద్ద గుర్రానికి కూడా పొట్టసంచి 8 నుంచి 15 లీటర్లే. ఆవులా ఒక్కసారి కడుపు నింపుకుని తీరిగ్గా నెమరు వేసుకోవడం దానికి చేతకాదు. కొంచెం కొంచెంగా, రోజులో 14 నుంచి 18 గంటలు మేస్తూనే ఉండాలి. నాలుగు గోడల మధ్య పెట్టి పూటకోసారి దాణా వేస్తే దానికి కడుపుశూల వస్తుంది, లేదంటే చెక్క కొరుక్కునే అలవాటు పడుతుంది. పైగా గుర్రానికి వాంతి కాదు. తిన్నది చెడితే బయటికి వచ్చే దారి ఉండదు. అందుకే నడుస్తూ మేయడం దానికి ఆరోగ్యం. ఈ సంగతిలో మన తాతల పద్ధతి సరైనదే. పట్నాల్లో వేలు పోసి కట్టే గుర్రపు శాలలు చూసి మనం చిన్నబోవాల్సిన పని లేదు.

మరి చలి సంగతేమిటి? లంబసింగిలో డిసెంబరు, జనవరిల్లో పాదరసం సున్నా దగ్గరికి దిగుతుంది. ఆ చలి చూడటానికి జనం కార్లేసుకుని వస్తున్నారు. మనం మంట దగ్గర ముడుచుకుని కూర్చుంటే గుర్రం పొగమంచులో నిలబడి మేస్తూ ఉంటుంది. దాని మీద జాలిపడి ఒంటికి గోనె కప్పేవాళ్ళున్నారు. అవసరం లేదు. పగటి పొద్దు తగ్గడం మొదలవగానే దాని ఒంటి మీద దట్టమైన బొచ్చు పెరగడం మొదలవుతుంది. చలి వేసినప్పుడు ఆ వెంట్రుకలు నిక్కబొడుచుకుని మధ్యలో గాలిని పట్టి ఉంచుతాయి. అదే దాని కంబళి. లోపల పెద్దపేగుల్లో గడ్డి పులుస్తూ వేడి పుట్టిస్తుంది. అది దాని పొయ్యి. కాబట్టి చలికాలం రాత్రి గుర్రానికి కావలసింది దుప్పటి కాదు, రాత్రంతా నమలడానికి సరిపడా ఎండుగడ్డి. చోడిగడ్డి ఉంటే మంచిది. బూజు పట్టిన గడ్డి మాత్రం ఎంత ఆకలి మీద ఉన్నా వేయొద్దు. ఇంకో మాట. చలికాలంలో దాన్ని గెడ్డలో దింపి సబ్బుతో రుద్ది కడగకండి. చర్మం మీదుండే జిడ్డే దానికి గొడుగు. దుమ్ములో పొర్లాడితే పొర్లాడనివ్వండి.

గుర్రాన్ని చంపేది చలి కాదు, తడి. బొచ్చు తడిసి ఒంటికి అతుక్కుంటే లోపలి గాలి పోతుంది, కంబళి పని చేయదు. పొడిగా ఉన్నప్పుడు గడ్డకట్టే చలికి కూడా చలించని జంతువు, జూలై, ఆగస్టుల్లో మూడు నాలుగు రోజుల ముసురుకు, దానికి తోడైన ఈదురుగాలికి వణికిపోతుంది. ఆ వణుకులో ఒంట్లో ఉన్న కొవ్వంతా కరిగిపోతుంది. వెన్ను మీద తడి ఆరకపోతే వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా పెచ్చుకట్టి ఊడతాయి, కింద చర్మం పచ్చిపుండవుతుంది. బురదలో రోజుల తరబడి నిలబడితే డెక్క అడుగున మధ్యలో ఉండే మెత్తటి ముక్కోణపు భాగం నల్లబడి, కుళ్ళి, వాసన వస్తుంది. మనవాళ్ళు కుంటుతున్న గుర్రాన్ని చూసి రాయి గుచ్చుకుందనుకుంటారు. కాలు ఎత్తి వాసన చూస్తే తెలిసిపోతుంది.

మరి అడవిలో తిరిగే గుర్రం వానకు ఏం చేస్తుంది? గాలికి వీపు తిప్పి గుబురు చెట్ల చాటుకో, రాతి చాటుకో పోతుంది. తడి నేల వదిలి మెరక ఎక్కుతుంది. మన గుర్రం ఆ పని చేయలేదు. ఎందుకంటే సరిగ్గా ఆ నెలల్లోనే మనం దాన్ని కట్టేస్తాం. వానాకాలం అంటే పంటకాలం. చోళ్ళు, సామలు, వరి చేలమీద ఉంటాయి. గుర్రం చేలో పడితే తగువు. అందుకని మేకు కొట్టి, రెండు బారల తాడు కట్టి వదిలేస్తాం. ఆ రెండు బారల గుండ్రంలో గడ్డి రెండో రోజుకే అయిపోతుంది, మూడో రోజుకు బురదవుతుంది. బయట ఉంచడం వేరు, బయట కట్టేయడం వేరు. కొండ గుర్రం గట్టిది, దానికేం కాదు అన్న మాట కట్టేసిన గుర్రానికి వర్తించదు. ఎక్కడికి పోవాలో దానికి తెలుసు, మనమే పోనివ్వం.

అందుకే ఈ సభలో ఉన్న తమ్ముళ్ళను, చెల్లెళ్ళను మేం అడిగేది వానాకాలం నాలుగు నెలలకు ఒక చిన్న పని. ఊరికి ఆనుకుని, నీరు నిలవని మెరక మీద, నాలుగు గుంజలు పాతి పైన గడ్డి కప్పు వేయండి. గాలి వచ్చే వైపు తడిక కట్టండి, మిగతా వైపులు తెరిచి ఉంచండి. నైరుతి గాలి మన కొండల మీద ఏ లోయ గుండా కొడుతుందో ఊరి ముసలివాళ్ళను అడిగితే వేలు పెట్టి చూపిస్తారు. కింద గులకరాళ్ళు పరిచి పైన మట్టి కొట్టండి. గుర్రం నిలబడే నిద్రపోతుంది నిజమే, కానీ గాఢనిద్ర కోసం రోజూ కనీసం అరగంటైనా పడుకోవాలి. బురదలో అది పడుకోదు. నేల పొడిగా లేకపోతే వారాల తరబడి సరైన నిద్రే ఉండదు. ఇంకో లాభం కూడా ఉంది. జోరీగలు నీడపట్టున ఉన్న పాకలోకి అంతగా రావు. సర్రా జబ్బును ఒక గుర్రం నుంచి ఇంకో గుర్రానికి మోసేవి అవే. జ్వరం వచ్చి పోతూ, గుర్రం మేస్తున్నా చిక్కిపోతూ, పొట్ట కింద, కాళ్ళకు వాపు కనిపిస్తే పశువుల డాక్టరుకు చెప్పండి. ముందుగా పట్టుకుంటే మందు ఉంది. పక్కన పొగ వేయడం మనవాళ్ళకు తెలిసిందే, అది మానొద్దు.

తుపాను సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు ఎలా పడిపోయాయో మీలో చాలామంది చూశారు. అలాంటి గాలి వస్తుందని తెలిస్తే గుర్రాన్ని పాకలోనూ ఉంచొద్దు, చెట్టుకూ కట్టొద్దు. తాడు విప్పి, చెట్లూ కరెంటు తీగలూ లేని ఎత్తైన మైదానంలోకి వదిలేయండి.

మేత, నీళ్ళ లెక్క త్వరగా చెప్తాం. మన గుర్రం చిన్నది. 200 కిలోల గుర్రానికి రోజుకు నాలుగు కిలోల ఎండుమేత, లేదా 16 నుంచి 20 కిలోల పచ్చిగడ్డి కావాలి. పనిలేని రోజు పది లీటర్లకు పైగా నీళ్ళు తాగుతుంది, ఎండలో బరువు మోస్తే దానికి రెట్టింపు. వానాకాలం బొచ్చు కింద చిక్కిపోవడం కంటికి కనపడదు. పక్కటెముకల మీద అరచేయి పెట్టి చూడండి. కొంచెం నొక్కితే ఎముక తగలాలి. నొక్కకుండానే తగిలితే దానికి తిండి చాలడం లేదు. కోళ్ళ దాణా మిగిలింది కదా అని వేయొద్దు, అందులో కలిపే కొన్ని మందులు కోడికి మేలు చేస్తాయి కానీ గుర్రాన్ని చంపుతాయి. గన్నేరు కొమ్మలు నరికి దారిలో పారేయొద్దు.

బరువు దగ్గర కొంచెం గట్టిగానే మాట్లాడాలి. బరువు లాగే, మోసే జంతువుల కోసం 1965లో చేసిన నియమాల్లో పొట్టి గుర్రం మీద 70 కిలోలకు మించి వేయకూడదని ఉంది. రోజుకు 9 గంటలు, ఆపకుండా 5 గంటలు మించి పని చేయించకూడదు. మన సంత దారుల్లో రెండు నిండు బస్తాలు వేసి, పైన మనిషి కూర్చోవడం మనం చూస్తూనే ఉన్నాం. వానలో తడిసిన వీపు మీద తడి గోనె, దాని మీద బస్తా వేస్తే మూపు మీద పుండు పడక మానదు. మానిన చోట తెల్లవెంట్రుకలు వస్తాయి. ఏ గుర్రం మూపు మీద ఎన్ని తెల్లమచ్చలున్నాయో చూస్తే దాని యజమాని సంగతి చెప్పొచ్చు. గోనెను రెండు దిండ్లుగా కుట్టి వెన్నుపూసకు అటొకటి ఇటొకటి వేయండి, బరువు ఎముక మీద పడకూడదు. పుండు ఏదైనా ధనుర్వాతానికి దారే. గుర్రానికి ఆ జబ్బు చాలా సులువుగా పడుతుంది. టీకా ఉంది, ఏటా వేయించండి. బయటి నుంచి కొత్త గుర్రాన్ని తెచ్చేటప్పుడు గ్లాండర్స్ రక్తపరీక్ష చేయించారా అని అడగండి. అది మనుషులకూ అంటుకునే జబ్బు.

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం. రోడ్డు పడిన ఊళ్ళలో బండ్లు వచ్చాయి. రోడ్డు కావాలి. గర్భిణిని డోలీలో మోసుకుంటూ కొండ దిగే రోజులు పోవాలని అడుగుతున్న మనమే, గుర్రం కోసం రోడ్డు వద్దంటామా? కానీ రోడ్డు పడిన మర్నాడే గుర్రాన్ని అమ్మేస్తున్నారు. ముసలిదైతే తాడు విప్పి వదిలేస్తున్నారు. అది మలుపుల్లో వాహనాల కింద పడుతోంది. 2012 పశుగణనలో దేశంలో సుమారు 6.2 లక్షల గుర్రాలు ఉంటే, 2019 నాటికి 3.4 లక్షలే మిగిలాయి. దేశంలో గుర్తింపు పొందిన జాతుల్లో మార్వాడీ, కాఠియావాడీ, మణిపురీ, స్పితీ, జాన్‌స్కారీ, భూటియా, కచ్చీ-సింధీ, భీమ్‌థడీ ఉన్నాయి. మన కొండ గుర్రం పేరు అందులో లేదు. లెక్కలో లేనిది పోయినా ఎవరికీ తెలియదు.

గుర్రం బయట బతకాలంటే బయలు ఉండాలి. పంటకాలంలో మేకుకు కట్టకుండా వదలాలంటే ఊరందరికీ కలిపి కంచె వేసిన మేతభూమి కావాలి. తోటలు పెరిగి, పోడు పట్టాలు విడివిడిగా తీసుకుని, మేతభూమిని మనం మరిచిపోయాం. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)లో మేత హక్కు సామూహిక హక్కుగా స్పష్టంగా రాసి ఉంది. ఆ దరఖాస్తు మీద మొదట తీర్మానం చేయాల్సింది గ్రామసభే. చాలా ఊళ్ళు వ్యక్తిగత పట్టాలతోనే ఆగిపోయాయి, సామూహిక హక్కుల కాగితాల్లో మేత గడి ఖాళీగా ఉంటోంది.

వచ్చే గ్రామసభలోపు ఊరికి ఇద్దరు చొప్పున ముందుకు రండి. గుర్రాలున్న ఇళ్ళకు వెళ్ళండి. మీ తాతలు ఏ నెలలో ఏ కొండ మీద మేపేవారు, ఏ గెడ్డ దగ్గర నీళ్ళు పట్టేవారు, వానకు ఎక్కడ తోలేవారు అడిగి రాసుకోండి, ఫోనులో ఆ చోట్ల గుర్తులు పెట్టుకోండి. ఊళ్ళో మిగిలిన గుర్రాల సంఖ్య, వయసు, రంగు, ఎత్తు కూడా రాయండి. పళ్ళు చూసి వయసు చెప్పడం మేం నేర్పిస్తాం. భోజనాల తర్వాత వేదిక వెనక చింతచెట్టు కింద ఉంటాం. ఒక గుర్రాన్ని కూడా తెచ్చాం, డెక్క ఎత్తి చూపిస్తాం, రండి.