పనివాని పొది
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఉగాది సభలలో కవిత్వమును గూర్చియో, నాయకరాజుల వైభవమును గూర్చియో ప్రసంగించుట వాడుక. అందుకు తగిన పెద్దలు ఈ వేదికపై నున్నారు. మేము ఒక చిన్న వస్తువును గూర్చి నాలుగు మాటలు మనవి చేసికొందుము. అది పనివాడు నడుమునకు కట్టుకొను బెల్టు, దానికి వ్రేలాడు పనిముట్ల సంచి. ఇదియు నొక ప్రసంగ విషయమా యని కొందరు నవ్వవచ్చును. కోయంబత్తూరులోను, మధురలోను మన పేటలయందు ఫిట్టరో, వైర్‌మనో, వడ్రంగియో లేని వీధి అరుదు. కావున నవ్విన పిదపనైనను వినవలెనని ప్రార్థన.

గత సంవత్సరము మా వీధిలో కరెంటు పని నేర్చుకొనుచున్న కుర్రవాడొకడు స్క్రూడ్రైవరును వెనుక జేబులో గ్రుచ్చుకొని నిచ్చెన ఎక్కెను. కాలు జారెను. పడిన ఎత్తు నాలుగడుగులైన లేదు. కాని కూర్చున్నట్లు పడుటచే ఆ మొన తుంటిలో దిగెను. రెండు నెలలు కూలి లేదు. ఆ రెండు నెలలు వాని తల్లి ఎన్ని ఇండ్లలో చేబదులు అడిగినదో మా వీధివారెల్లరు ఎరుగుదురు. ఆసుపత్రిలో వాడు మాతో అనిన మాట ఒక్కటే: "అన్నా, సంచి కొనుక్కోమని ఎవరూ చెప్పలేదు. నాకూ తోచలేదు." ఆ మాటయే ఈ ప్రసంగమునకు మూలము.

మన భాషకు ఈ వస్తువు క్రొత్తది కాదు. అమ్ములుంచునది పొది, మంగలి కత్తులుంచునదియు పొదియే. తాంబూలపు సంచికి అడపమని పేరు. విజయనగర ప్రభువుల కొలువులో అడపము పట్టి నిలుచుటయే యొక ఉద్యోగము. ప్రభువుగారి ఆకువక్కలకు ఒక సంచియు, దానికొక మనిషియు ఉండగా, ఇల్లు పోషించు ఉలికిని సుత్తికిని ఒక పొదియైన ఉండవలదా? ఆయుధపూజనాడు పసుపు కుంకుమ పెట్టి మ్రొక్కిన పనిముట్టును మరునాడు జేబులో క్రుక్కుకొనుట ఏమి మర్యాద?

గాయము మానిన తరువాత ఆ కుర్రవానిని వెంటబెట్టుకొని, తోలుపని చేయు ఒక పెద్దాయన వద్దకు పోతిమి. ఆయన మొదట అడిగినది, "ఏ చేతితో పని చేస్తావు నాయనా?" అని. వాడు ఎడమచేతి వాటమువాడు! బజారులో వ్రేలాడదీసిన సంచులు చాలవరకు కుడిచేతి వారికై కుట్టినవే. పిదప ఆయన త్రాడు తీసి, పొట్టచుట్టు గాక తుంటి ఎముకల మీదుగా కొలిచెను. బెల్టు అక్కడ కూర్చున్నచో బరువును ఎముక మోయును. పైకి జరిగినచో నడుము మోయును. సన్నని బెల్టు కోసుకొనును. రెండు మూడంగుళముల వెడల్పున్న బెల్టు బరువును పరచును. బరువు మరీ హెచ్చైనచో భుజములమీదుగా పట్టీలు వేసికొనవలెను.

ఆ పూట మేము నేర్చుకొనినదియు, పిదప పనివారి నడిగి తెలిసికొనినదియు చెప్పుచున్నాము. మాటిమాటికి తీయు పనిముట్టు వాటమున్న చేతివైపు ఉండవలెను. మేకులు, మరలు రెండవవైపు. రెండు ప్రక్కల బరువు ఇంచుమించు సమానముగా నుండవలెను. వెన్నెముక మీద ఏ పనిముట్టును ఉండరాదు. వెల్లకిల పడినచో అదియే శత్రువగును. మొనగల వస్తువు మొన క్రిందికి, అడుగు మూసిన గట్టి అరలో నుండవలెను. ఎత్తున పనిచేయువానికి మూతగల సంచి అవసరము. ఏలననగా జారిన స్పానరు క్రిందనున్న వాని తలపై బడును.

వడ్రంగికి సుత్తి దూర్చుటకు ఉంగరము, మేకులకు వెడల్పు నోటి అర కావలెను. వైర్‌మనుకు టెస్టరు, ప్లయరు నిలువుగా నిలుచు ఇరుకు అరలు చాలును. లోహపు గొలుసులు వ్రేలాడు సంచి కరెంటు పనికి తగదు. లేతు వద్ద నిలుచువానికి మేము చెప్పునది వేరు: నీవు సంచి కట్టుకొనకుము! తిరుగు యంత్రము వ్రేలాడు దానిని లాగును, దానితో మనిషిని లాగును. నడుచుచున్న యంత్రముపై పనిచేయువాడు ఒంటికి బిగువైన దుస్తులు ధరింపవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమందే చెప్పబడినది. మరొక్క మాట: పనిముట్ల బెల్టు ప్రాణరక్షణ బెల్టు కాదు. ఎత్తునుండి పడకుండ కాపాడునది వేరు, దానికి ఐ.ఎస్. 3521 అను ప్రమాణము కలదు. ఒకదానిని చూచి రెండవదని భ్రమింపరాదు.

ఇక సరకు. కాన్వాసు చవక, ఉతుకవచ్చును. కాని మేకు మొనలు చిల్లులు పెట్టును. నైలాను తేలిక, తడికి చెడదు. వెల్డింగు రవ్వ పడిన కరగును. తంగేడు చెక్కతోను, కరక్కాయతోను పదునుచేసిన తోలు బిర్రుగా నుండి సంచి నోరు తెరచి నిలుచును. పనిముట్టు చూడకయే చేతికి వచ్చును. అది చెమటకు, వానకు తడిసినచో నీడన ఆరబెట్టి కొంచెము ఆముదము రాయవలెను. ఎండలోను, పొయ్యి వద్దను పెట్టరాదు. ఏ సరకైనను అర మూలలయందు రివెట్లున్నవో లేవో, కుట్టు రెండు వరుసలో కాదో చూచి కొనుడు. మెరుగు చూచి కొనకుడు. కొనిన పిదప ఒక వారము చూడుడు. ఆ వారములో తాకని పనిముట్టును ఇంట బెట్టుడు.

ఆ పెద్దాయన మాతో మాటాడినది తెలుగు. ఈ ప్రాంతములలో తరతరములు తోలుపని చేసినవారిలో అనేకులు తెలుగు మాటాడు అరుంధతీయులు. బావులనుండి నీరు తోడు కపిల తోలుబానలు కుట్టినది వారే. 1932లో పైకారా జలవిద్యుత్కేంద్రము పని ప్రారంభించెను. 1937లో జి.డి. నాయుడుగారు, డి. బాలసుందరంగారు కోయంబత్తూరునందే విద్యుత్ మోటారు నిర్మించిరి. ఆ మోటారును గూర్చి మనము ప్రతి సభలోను గర్వముగా చెప్పుకొందుము, చెప్పుకొనదగినదే. కాని మోటారు పంపు వచ్చిన బావికి తోలుబానతో పని లేదు. ఒకే భాష మాటాడు రెండు వీధులలో ఒక దానికి పని వచ్చెను, ఒక దానికి పని పోయెను. రెండవ సంగతి ఏ సభలోను చెప్పుకొనము. చెప్పువారు ఈ సభలో ఉండవలెను గదా! ఆ వీధినుండి నేడు ఇక్కడకు వచ్చినవారెందరో తమరే కలయజూడుడు.

వారి బిడ్డలు తాతల వృత్తియే చేయవలెనని మా భావము కాదు. వారు ఏ చదువైనను చదువవచ్చును, ఏ పనియైనను చేయవచ్చును. కుట్టగలవారు, కుట్టుటకు ఇష్టపడువారు ఉన్నచోట బేరమాడక నిండు కూలి ఇచ్చి కుట్టించుకొందమనియే మా మనవి.

కావున సంఘమువారికి ఒక సూచన. ప్రతి ఉగాదికి శాలువలకు వెచ్చించు సొమ్ములో కొంత తీసి, ఆ సంవత్సరము పని నేర్చి బయటకు వచ్చు మన కుర్రవాండ్రకు, వారివారి చేతి వాటమునకు, వారివారి పనికి తగిన పొది యొక్కొక్కటి కుట్టించి ఇయ్యవలెను. కుట్టినవారిని ఈ వేదికపై కూర్చుండబెట్టి, వారి చేతులమీదుగనే ఇప్పింపవలెను.

మా వీధి కుర్రవాడు మరల నిచ్చెన ఎక్కుచున్నాడు. సంచి ఎడమ ప్రక్క నున్నది. వెనుక జేబు ఖాళీగా నున్నది. ఈ మాటలలో వేపపువ్వు పాలు కొంచెము హెచ్చైనచో పండుగనాడు కనుక మన్నింతురుగాక.