థాయ్ అన్నానికి చాప్‌స్టిక్స్ ఎందుకు?

థాయ్ రెస్టారెంట్‌లో కూర్చోగానే చాప్‌స్టిక్స్ అడుగుతున్నారా? ఒక్క నిమిషం ఆగండి.

నేనూ ఒకసారి ఫ్రెండ్స్ ముందు ఫోజు కొట్టి, చాప్‌స్టిక్స్‌తో గ్రీన్ కర్రీ అన్నం తిన్నా. సగం టేబుల్ మీదే పడింది!

తర్వాత తెలిసింది: థాయ్‌లాండ్‌లో అన్నం, కూర తినేది చెంచా, ఫోర్క్‌తోనే. కుడిచేతిలో చెంచా, ఎడమచేతిలో ఫోర్క్. అన్నాన్ని చెంచాలోకి నెట్టడమే ఫోర్క్ పని. చాప్‌స్టిక్స్ ఎక్కువగా నూడుల్స్ సూప్‌కే. ఈశాన్య థాయ్‌లాండ్‌లో అయితే జిగురన్నాన్ని మనలాగే చేత్తో ముద్ద చేసి తింటారు.

ఆసియా అంతా ఒకటే పద్ధతి అనుకోవడమే నా పొరపాటు. చాప్‌స్టిక్స్ నేర్చుకోండి, మంచిదే. రాకపోతే ఫోర్క్ అడగడానికి సిగ్గెందుకు? మనింటికొచ్చినవాళ్లు పప్పన్నం చెంచాతో తింటే కోప్పడతామా? ఇంకాస్త నెయ్యి వేస్తాం. అంతే!