సాక్షి ముఖము – సాక్షి మాట

(టెక్కలిలో నొక పఠనమందిరమున జరిగిన సభలో ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



సాక్షులను ప్రశ్నించుట నా వృత్తి. కాని నేడు నేను మాటాడదలచినది న్యాయస్థానమున బోనులో నిలుచు సాక్షిని గూర్చి కాదు. మన సముద్రతీరమున పందిరి క్రింద, మైకు ముందర, కెమెరా యెదుట నిలువబడు సాక్షిని గూర్చి. ఇంట కూర్చుండి వాని ముఖము చూచి తీర్పు చెప్పెడు మనలను గూర్చి.

పెద్ద పరిశ్రమ గాని, ఓడరేవు గాని, విద్యుత్కేంద్రము గాని కట్టదలచినపుడు పర్యావరణ అనుమతికి ముందు స్థానిక ప్రజల మాట వినవలెనని 2006 సెప్టెంబరు 14వ తేదీనాటి కేంద్ర ప్రభుత్వ ప్రకటన విధించుచున్నది. ముప్పది దినముల ముందుగా నోటీసు ఈయవలెను. కలెక్టరు గాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తక్కువకాని ఆయన ప్రతినిధి గాని విచారణ నడుపవలెను. వచ్చిన ప్రతివారికిని అడుగుటకు అవకాశ మీయవలెను. జరిగినదంతయు వీడియో తీయింపవలెను. తుదకు ప్రజలు చెప్పిన సంగతుల సారాంశమును స్థానికభాషలో చదివి వినిపించి, ఆనాడే సంతకము చేయవలెను. అచ్చట మాటాడువారు ప్రమాణము చేసిన సాక్షులు కారు. అయినను తాము కన్నదానిని, అనుభవించినదానిని చెప్పువారు గనుక నేను వారిని సాక్షులనియే యందును.

వీడియో నిబంధన మంచిదే. పేదవాడు చెప్పిన మాట కాగితములలో మరుగుపడకుండుటకై అది పుట్టినది. కాని ప్రభుత్వ కెమెరా ప్రక్కనే టెలివిజను వారి కెమెరాలు నిలిచినవి. వాని ప్రక్క మన చేతులలోని ఫోనులు లేచినవి. ప్రభుత్వ కెమెరా ఉదయమునుండి సాయంకాలము వరకు తీయును. మనము చూచునది అరనిముసము. ఆ యరనిముసములో మాటకు చోటు లేదు, ముఖమునకే చోటు.

నేను స్వయముగా చేసిన యొక తప్పును మీ యెదుట చెప్పుకొనుటకే ఈ విషయము నెత్తుకొంటిని.

కొన్నియేండ్ల క్రిందట మన తీరమున నట్టి విచారణ యొకటి జరిగినది. ఊరి పేరు, సంస్థ పేరు ఇచట అవసరము లేదు. గ్రామస్థుల పక్షమున ఎవరు మాటాడవలెనో పట్టిక వ్రాసి, వరుసగా మైకు వద్దకు పంపు స్వచ్ఛంద సేవకులలో నే నొకడను. ఉద్దానపు కొబ్బరిరైతు ఒకడు, వృద్ధుడు, తానును మాటాడెదనని వచ్చెను. “బాబూ, నాకు మాటాడ్డం రాదు గాని, నీళ్ల సంగతి నాకు తెలుసు” అనెను. పట్టికలో వ్రాసితిని. వంతు వచ్చినది. ఆయన మైకు గొట్టమును రెండు చేతులతో పట్టుకొనెను. రెండు మాటలు చెప్పి ఆగెను. కాళ్లు వణకినవి. మరల మొదలుపెట్టి, మొదటి మాటనే చెప్పెను. వెనుక కుర్చీలలో నవ్వు పుట్టినది. నేను వెళ్లి ఆయన భుజముపై చేయివేసి దింపి, చక్కగా మాటాడగల కుర్రవాని నొకని ఎక్కించితిని.

ఆ రాత్రికే ఆ దృశ్యము ఫోనులలో తిరిగినది. మరునాడు కాశీబుగ్గలో టీ దుకాణము వద్ద దానిని చూచి నవ్వుచుండిరి. “సాక్ష్యానికి తాగొచ్చినాడు” అని యొకడనెను. నేను కాదనలేదు. వారము దినముల తరువాత ఆయన యింటికి పోయినపుడు తెలిసినది: విచారణకు ముందునాడు ఆయన డయాలిసిసు చేయించుకొని వచ్చెను. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి యెట్టిదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ వ్యాధి తెలియని వీధి యచట అరుదు. ఆయన నిలువలేక నిలిచెను. నలువది యేండ్లుగా ఏ బావి ఎప్పుడు త్రవ్విరో, ఏ వేసవిలో నీరు ఎంత లోతునకు పోయెనో ఆయనకు కంఠస్థము. నేను ఎక్కించిన కుర్రవానికి వానిలో నొకటియు తెలియదు. వాడు బాగుగా మాటాడెను, చప్పట్లు పడినవి. ఆ నీటిలెక్క ఆనాటి సారాంశములో నెక్కలేదు. మరు సంవత్సరము ఆయన పోయెను. ఆ సాక్ష్యము ఆయనతోనే పోయినది.

ఆయనను దింపినవాడు ప్రతిపక్షి కాడు, నేను. ఆయనను చూచి నవ్వినవారు పైవారు కారు; మనవారు.

సాక్షి వాలకమును చట్టము గమనింపదా యని మీరడుగవచ్చును. గమనించును. 1898నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు 363వ సెక్షను, 1973నాటి కోడు 280వ సెక్షను, 2024 జూలై 1నుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహిత 315వ సెక్షను, సివిలు ప్రొసీజరు కోడు 18వ ఆర్డరు 12వ రూలు — ఇవి సాక్షి ప్రవర్తనను గూర్చి తనకు ముఖ్యముగా తోచినది వ్రాసికొనుటకు న్యాయాధిపతి కధికార మిచ్చుచున్నవి. కాని ఆ యధికార మెవరికి? సాక్షిని మొదటినుండి తుదివరకు చూచినవానికి. ఎదురుప్రశ్నలు విన్నవానికి. దస్తావేజులు ముందర నున్నవానికి. ఏల అట్లు తోచెనో తీర్పులో వ్రాయవలసినవానికి. ఆ తీర్పు తప్పైనచో దిద్దుటకు పైకోర్టు కలదు. మన టీ దుకాణపు తీర్పునకు కారణములు వ్రాయనక్కరలేదు, అప్పీలు లేదు.

ఇంకొక సంగతి. మాటాడలేని మూగవానిని గూడ సాక్షిగా స్వీకరింపవచ్చునని 1872నాటి సాక్ష్యచట్టము చెప్పినది. నేటి సాక్ష్య అధినియమమును అదే చెప్పుచున్నది. వాడు వ్రాసి గాని, సైగలతో గాని చెప్పవచ్చును. చట్టము సాక్షిని వాక్పటిమ యడుగలేదు. తెలిసినది చెప్పుమని యడిగినది.

వణకనివాడు ఉత్తముడను భ్రాంతికి మన దేశచరిత్రలోనే గొప్ప యుదాహరణమున్నది. 1919 ఏప్రిలు 13న జలియన్‌వాలాబాగున 1,650 తూటాలు కాల్పించిన జనరలు డయరు, ఆ నవంబరులో లాహోరున హంటరు సంఘము నెదుట నిలిచెను. తడబడలేదు, తల వంచలేదు. కాల్పులు లేకయే జనమును చెదరగొట్టగలిగి యుందుననియు, అట్లయిన వారు మరల వచ్చి తన్ను చూచి నవ్వెదరనియు చెప్పెను. సందు వెడల్పుగా నున్నచో మరతుపాకుల బండ్లను లోనికి తెచ్చి వాడియుందువా యని చిమన్‌లాల్ సెతల్వాడ్ అడుగగా, బహుశః వాడియుందునని యొప్పుకొనెను. గాయపడినవారికి సాయము చేయుట తన పని కాదనెను. భారతదేశము ఆ సాక్ష్యము విని నిర్ఘాంతపోయినది. ఇంగ్లండున ననేకులు ఆ నిబ్బరమును చూచి, ఎంత ధీరుడనిరి, ఎంత ముక్కుసూటి మనిషి యనిరి. ‘మార్నింగు పోస్టు’ పత్రిక నిధిలో ఇరువదియారువేల పౌనులకు మించి పోగైనది. 1920 జూలైలో ప్రభువుల సభ 129 ఓట్లకు 86 ఓట్లతో అతని పక్షమున నిలిచినది. గట్టిగా నిలిచిన ముఖము వారికి చచ్చిన వందలమందిని మరపించినది.

టెలివిజను వచ్చిన తరువాత ఈ జబ్బు తగ్గలేదు. 2018 సెప్టెంబరు 27న అమెరికా సెనేటు కమిటీ యెదుట క్రిస్టీన్ ఫోర్డు అను ఆచార్యురాలు, సుప్రీముకోర్టు పదవికి ప్రతిపాదింపబడిన కావనా తన్ను యౌవనమున అవమానించెనని చెప్పెను. భయముగా నున్నదని మొదటనే యొప్పుకొని వణకు గొంతుతో చెప్పెను. ఆయన కాదని కోపముతో, కన్నీటితో సమాధాన మిచ్చెను. కోట్లమంది చూచిరి. ఆమె వణకును ఒక పక్షమువారు సత్యమునకు గుర్తనిరి, వేరొక పక్షమువారు సందేహమునకు గుర్తనిరి. ఆయన కోపమును ఒకరు నిర్దోషి యాక్రోశమనిరి, ఒకరు దొరికినవాని గింజుకొనుట యనిరి. అక్టోబరు 6న సెనేటు 50–48 ఓట్లతో ఆయన నియామకమును ఆమోదించినది. ఎవరి మాట నిజమో నేను చెప్పజాలను. ఒక్కటి చెప్పగలను: అన్ని కన్నులు చూచినను ముఖము ఏమియు రుజువు చేయలేదు, ఎవరు ముందే ఏమి నమ్మిరో దానినే వారు ముఖమున చదివికొనిరి.

మన తీరమున దీనికి మరియొక కారణము చేరుచున్నది. సంస్థ పక్షమున వచ్చువాడు పది సభలలో మాటాడి వచ్చినవాడు. వానికి బొమ్మలు, పటములు, నీటిసీసా ఉండును. మన జాలరి జన్మలో నొకమారు మైకు పట్టుకొనును. మన తాతలు జమీందారు నెదుట తువ్వాలు భుజమునుండి తీసి చంక క్రింద పెట్టుకొని నిలిచినవారు. 1937లో టంగుటూరి ప్రకాశముగారి అధ్యక్షతన మదరాసు ప్రభుత్వము నియమించిన ఎస్టేటు భూముల విచారణ సంఘము రైతుల సాక్ష్యము విన్నపుడు, వారి వణకును లెక్కపెట్టియుండినచో జమీందారీ బాధలు కాగితమున కెక్కెడివి కావు. నిబ్బరము సత్యముతో పుట్టునది కాదు, అలవాటుతో వచ్చునది. అలవాటు లేనివానిని అబద్ధీకుడనుట అన్యాయము.

న్యాయముకొరకు ఇదియు చెప్పవలెను. సంస్థ పక్షమున వచ్చిన యువ ఇంజనీరు తడబడినపుడు మనవారు ఈలలు వేసిరి. అదియు తప్పే. వాని లెక్క తప్పైనచో లెక్కను ఖండింపుడు. వాని నాలుకను కాదు.

సోంపేట సంగతి గుర్తు తెచ్చుకొనుడు. బీల భూములు పనికిరాని భూములని కాగితములు చెప్పినవి. అది నీటినేల, చేపలకు నెలవు, పంటకు ఆధారమని ఊరివారు చెప్పిరి. 2009లో జరిగిన విచారణలో కొందరు కోపముగా చెప్పిరి, కొందరు ఏడ్చుచు చెప్పిరి. రెచ్చగొట్టబడినవారని కొందరు పెద్దమనుష్యులు వారిని తీసివైచిరి. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. ఆ మాసముననే నాటి జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ విద్యుత్కేంద్రపు అనుమతిని రద్దు చేసినది. కాగితములు నిదానముగా మాటాడినవి. కాని నీరున్నచోట నీరు లేదనినవి. ఊరివారు అరచి చెప్పిరి. కాని ఉన్నదానిని చెప్పిరి. బీలకు పోయి చూచినవానికి ఎవరి ముఖమునైనను చూడవలసిన పని లేదు.

కాబట్టి మిమ్ము నేను కోరునవి కొన్నియే. విచారణ దృశ్యము మీ ఫోనునకు వచ్చినపుడు మూడు ప్రశ్నలు వేయుడు. ఈతడు చెప్పినది స్వయముగా చూచినదా, విన్నదా? దానికి పొలము గాని, బావి గాని, కాగితము గాని తోడు వచ్చుచున్నదా? ముందు వెనుకలు కోసి చూపినారా? సమాధానము తెలియనిచో పైకి పంపకుడు. విచారణకు పోయినవారు సారాంశము చదువువరకు లేచి రాకుడు. తమ మాట అందులో నెక్కెనో లేదో వినుడు. మాటాడలేని పెద్దల చెంత ముందురోజే కూర్చుండి, వారి మాట వారి నోటనే వ్రాసికొని, అర్జీగా అందజేయుడు. లిఖితముగా నిచ్చుటకు ఆ ప్రకటనయే అవకాశ మిచ్చుచున్నది. ఈ పఠనమందిరమున వారమునకు ఒక సాయంకాలము ఆ పనికి నేను కూర్చుండెదను. వ్రాయనేర్చిన యువకులు నలుగురు నాకు తోడు కావలెను.

రేపు మన తీరమున మరియొక పందిరి వేయుదురు. మరియొక వృద్ధుడు మైకు గొట్టమును పట్టుకొనును. ఆయన కాళ్లు వణకినచో కుర్చీ తెచ్చి వేయుడు. ఆగినచో ఆగుడు. మాట ముగియువరకు ఎవ్వరును నవ్వకుడు. ఆనాడు నేను వేయని కుర్చీని మీరు వేయుదురని నమ్మి, సెలవు తీసికొనుచున్నాను.